బుగ్గలో అమానత్

షంషాబాద్,
జూన్ 10

సక్కుబాయి గారికి,

ఇది ఉత్తరం, మాట కాదు. ఆ సంగతి ముందే రాస్తున్నాను. ఫిబ్రవరిలో నీ ముఖం మీదే అల్లా పేరున ఒట్టేసి "ఇగ జిందగీల నీతోని మాట్లాడ" అన్నాను. ఆ ఒట్టు చెక్కుచెదరలేదు. నోటితో మాట్లాడనన్నాను గానీ చేత్తో రాయనని అనలేదు. మీ మధు రోజూ ఎయిర్‌పోర్టుకు క్యాబ్ తోలుతూ మా గల్లీ ముందు నుంచే పోతాడు గనక అతని చేతికిస్తున్నాను. "ఫోన్ చెయ్యరాదు చిన్నమ్మా, రెండు నిమిషాల పని" అన్నాడు. కొడుక్కి ఒట్టు విలువ నేర్పలేదు నువ్వు.

మీరు అని రాద్దామనే మొదలుపెట్టాను. ఒకటో తరగతి నుంచి నువ్వు అన్నదాన్ని మీరు అనబోతే చెయ్యి వంకర్లు పోతోంది. అందుకని పైన గారు ఒక్కటే ఉంచుతున్నాను.

విషయానికొస్తాను. మా సాదియా ఎయిర్‌పోర్టులో చెకిన్ కౌంటర్ మీద కూర్చుంటుంది కదా. పోయినవారం కొత్తూరు అమ్మాయి ఒకతె, పేరు పూర్ణిమ, గువాహటిలో ఉద్యోగం ట్రైనింగుకు పోతూ చేతిలో పంజరంతో వచ్చిందట. అందులో హామ్‌స్టర్. ఎలుకకు తోక కత్తిరించి ఊలు స్వెట్టర్ తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంది. రంగు అచ్చం ఉస్మానియా బిస్కెట్, పేరు కూడా ఉస్మానియానే. దాన్ని విమానం ఎక్కనివ్వరని ఆ పిల్లకు తెలియదు. ఇంటికి పంపితే వాళ్ళ నానమ్మ పిల్లికి వేస్తుందట. కౌంటర్ మూసే వేళకు ఆ పిల్ల ఏడుస్తుంటే మా సాదియా, "నాకియ్యి. నువ్వు మర్ల వచ్చేదాంక మా అమ్మీ చూస్కుంటది" అనేసింది. అమ్మీని మాత్రం అడగలేదు.

ఇప్పుడది నా ఇంట్లో అమానత్. ఒకరు నమ్మి మన దగ్గర పెట్టిపోయిన వస్తువును ఎలా ఇచ్చారో అలాగే తిరిగి ఇవ్వాలి. వెంట్రుక తగ్గినా రేపు పైన జవాబు చెప్పుకోవాల్సింది నేను. పక్కింటివాళ్ళ కోడిని చూసుకున్నప్పుడు మా అమ్మ అది పెట్టిన గుడ్లన్నీ బుట్టలో పెట్టి వాళ్ళకే ఇచ్చింది, నువ్వే మోసుకెళ్ళావు, గుర్తుందా?

ఇవాళ పొద్దున చూస్తే ఉస్మానియా బుగ్గలు రెండూ వాచిపోయి తల ఒళ్ళంత అయింది. మా ఆయన ఖదీర్ "గవదలు లేసినయ్, పసుపు సున్నం పట్టేద్దాం" అంటున్నాడు. ఇక్కడి పశువుల దవాఖానలో బర్రెల వరసలో ఈ పంజరం పట్టుకొని నిలబడటానికి నాకు సిగ్గు. నువ్వు బడిలో ముప్పై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పావు కాబట్టి అడుగుతున్నాను. పట్టెయ్యాలా, వద్దా? ఇది అమానత్ కోసం అడగడమే, దోస్తీ కోసం కాదు.

ఒట్టు మీదే ఉన్న,
మునీరున్నీసా


రావిర్యాల,
జూన్ 11

శ్రీమతి మునీరున్నీసా బేగం గారికి,

మీ పూర్తి పేరు చివరిసారి పదో తరగతి హాల్ టికెట్ మీద చూశాను. అందరూ మున్నీ అనే మనిషికి ఇంత పేరు ఉందన్న సంగతే మరిచిపోయాను.

పసుపు వద్దు, సున్నం వద్దు. ఖదీర్ భాయిని కిటికీ గ్రిల్లులకు వెల్డింగ్ చేసుకోమనండి, వైద్యం చెయ్యొద్దనండి. అవి గవదలు కావు, సంచులు. హామ్‌స్టర్‌కు రెండు బుగ్గల లోపలా భుజాల దాకా సాగే సంచులుంటాయి. దొరికిందల్లా వాటిలో కుక్కుకొని గూట్లోకి పోయి, ముందు కాళ్ళతో బుగ్గలు నొక్కి బయటికి తీసి దాచుకుంటుంది. విచిత్రం ఏమిటంటే ఆ సంచుల్లో ఉమ్మి ఊరదు. గింజ పొడిగా పోయి పొడిగానే వస్తుంది. నోట్లో ఉంటుంది గానీ తిన్నట్టు కాదు.

ఇంకో రెండు సంగతులు. దాని ముందు పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. కొరకడానికి కర్రముక్క వెయ్యండి, లేకపోతే మీ కుట్టుమిషను బల్ల కొరుకుతుంది. దీని పూర్వీకులది సిరియా, మీవాళ్ళు ముల్కె షామ్ అంటారే, అదే. దాదాపు వందేళ్ళ కిందట అక్కడి హలబ్ నగరం దగ్గర పొలంలో తవ్వి తీసిన ఒక తల్లీ పిల్లల సంతతే ఇప్పుడు లోకంలో ఇళ్ళలో పెరిగే ఈ రకం హామ్‌స్టర్లు దాదాపు అన్నీ.

ఫిబ్రవరి సంగతి మీరు ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. ఆ విషయంలో నేను చెప్పేదేమీ లేదు.

ఒట్టు ఏమీ పెట్టుకోని,
సక్కుబాయి


షంషాబాద్,
జూలై 5

సక్కుబాయి గారికి,

నీ మాట నిజమే. మర్నాడు పొద్దున ఉస్మానియా గూట్లో చెయ్యి పెడితే ఏం దొరికాయో తెలుసా? ప్రేమలత మేడమ్ జాకెట్టుకు కుట్టాల్సిన ముత్యాలు! మిషను బల్ల మీద దాన్ని కాసేపు తిరగనిచ్చాను, అప్పుడే మాయమయ్యాయి. ఊడ్చిపారేశావని ఆ రోజంతా మా ఆయన్ను తిట్టిపోశాను. ఆయన పాపం చెత్తకుప్ప దాకా పోయి వెతికొచ్చాడు. ముత్యాలకు చుక్క తడి కూడా అంటలేదు. తుడిచే పని లేకుండా కుట్టేశాను. ప్రేమలత మేడమ్ "చేతిపని ఎంత నీట్‌గా ఉందండీ" అని మెచ్చుకుంది. ఆవిడ కోస్తా మనిషి, ఎంత మర్యాదగా మాట్లాడుతుందో! అవి ఎవరి నోట్లోంచి వచ్చాయో ఆవిడకు చెప్పలేదు.

కర్రముక్క కూడా వేశాను. నువ్వు చెప్పేలోపే నా కొలతల టేపు మొదటి నాలుగు అంగుళాలు తినేసింది. ఇప్పుడు ఎవరి నడుము కొలిచినా లావైపోతున్నారు, ఆడవాళ్ళంతా నన్ను కొట్టేలా చూస్తున్నారు.

పగలంతా పడుకుంటుంది. చీకటి పడితే చక్రం ఎక్కి పరుగు. ఒక రాత్రి మైళ్ళ దూరం ఉరుకుతుందని సాదియా ఫోన్‌లో చూసి చెప్పింది. అంటే మా ఇంట్లో కూర్చునే పాలమాకుల దాకా పోయి వస్తోందన్నమాట. ఇంట్లో నైట్ డ్యూటీ వాళ్ళు ఇద్దరయ్యారు.

నైట్ డ్యూటీ అన్న మాట రాయగానే నాకు కోపం మళ్ళీ మొదటి నుంచి లేచింది. ఆ రోజు పెద్దమనుషులు వచ్చి, మాట ఖాయమయ్యే వేళకు, పిల్లాడి తల్లి నోట్లో మిఠాయి పెట్టుకోబోతుంటే నువ్వేమన్నావు? "మా సాదియా నౌకరీ ఇడ్వదమ్మా. రాత్రి డ్యూటీ సుత చేస్తది. మీకు సమ్మతమేనా, గిప్పుడే చెప్పుండ్రి" అన్నావు. ఆవిడ మిఠాయి మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది. ఆ చప్పుడు నాకింకా వినబడుతోంది. పెళ్ళయ్యాక నెమ్మదిగా ఒప్పిద్దామని నేననుకున్న మాటను నువ్వు అందరి ముందు ఎందుకు బయటపెట్టావు? నా బిడ్డ సంబంధం చెడగొట్టడానికి నీకు నోరెలా వచ్చింది? దీనికి నీ దగ్గర జవాబు లేదు, నాకు తెలుసు.

అది పోనీ. ఉస్మానియా ముల్కె షామ్ మనిషని నువ్వు రాశాక మాకు మరీ బాధ్యత పెరిగింది. అంత దూరపు మెహమాన్‌ను ఒంటరిగా కూర్చోబెడితే నలుగురు ఏమంటారు? మాట్లాడే తోడు లేక బెంగ పెట్టుకుందేమో. మా ఆయన ఒక తోడు చూస్తున్నాడు.

మునీరున్నీసా


రావిర్యాల,
జూలై 6

మున్నీ గారికి,

వద్దు వద్దు! ఈ ఉత్తరం అందగానే ఆ పని ఆపెయ్యండి.

ఈ జాతి హామ్‌స్టర్ ఒంటరి ప్రాణి. పెద్దయ్యాక ఎవరి బొరియ వాళ్ళదే. అక్కనైనా చెల్లినైనా ఇంట్లోకి రానివ్వదు. రెండిటిని ఒకచోట పెడితే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి. దానికి బెంగ లేదు. మనకు ఒంటరితనం అనిపించేది దానికి హాయి. తోడు తెచ్చి పెట్టడమే దానికి శిక్ష. దెబ్బలాడుకోకపోతే ఇంకా ప్రమాదం. ఎందుకో మీకు తెలియదా?

మధుకు "ఇయ్యాలనే ఇయ్యి బిడ్డా, అర్జెంటు" అని నాలుగుసార్లు చెప్పి పంపుతున్నాను.

సక్కుబాయి


షంషాబాద్,
జూలై 20

సక్కుబాయికి,

నీ అర్జెంటు ఉత్తరం ఇవాళ అందింది. మీ మధు దాన్ని కారులో ఎండ తగలకుండా ముందర దించుకునే రేకు వెనక దోపి మరిచిపోయాడట. ఇవాళ పడమటి ఎండకు అది దించితే ఒళ్ళో పడిందట. "సారీ చిన్నమ్మా, ఎవ్వరికి చెప్పకు" అన్నాడు. చెబుతున్నాను.

తోడు నిన్ననే వచ్చింది, నిన్ననే పోయింది. మామిడిపల్లిలో పాండు అని మా ఆయనకు దోస్తు, పాత ఇనుప దుకాణం నడుపుతాడు. వాళ్ళింట్లో ఒక హామ్‌స్టర్ ఉంది. మనది ఆడది కదా, ఆడతోడే కావాలని గట్టిగా చెప్పి పంపాను. "ఆడిదే అన్నా, మస్తు సిగ్గు పడ్తది" అన్నాడట పాండు. అంత మాట విన్నాక మా ఆయన ఇంకేమీ చూడలేదు.

మనింటికొచ్చిన ఆడమనిషిని ఎలా కూర్చోబెడతామో అలాగే ఏర్పాటు చేశాను. ఉతికిన చాదర్ పరిచాను. కీర ముక్కలు, పొద్దుతిరుగుడు గింజలు తశ్తరీలో పెట్టాను. రెండు పంజరాల తలుపులూ తీశాను. రెండూ ముక్కులు కలిపి వాసన చూసుకున్నాయి. ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా సర్దుకున్నాయి. నా కళ్ళు చల్లబడ్డాయి. ఆడవాళ్ళ మధ్య మనమెందుకని మా ఆయనను బయటికి పంపించి, నేను వెనక గల్లీలో జాకెట్లు ఇచ్చి వద్దామని వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి యుద్ధం! చాదర్ నిండా బొచ్చు, గింజలు గోడ దాకా. ఉస్మానియా పైన, పాండువాళ్ళది కింద. మా ఆయన వెల్డింగ్ గ్లౌజులు తొడుక్కొని మధ్యలో చెయ్యి పెడితే ఉస్మానియా గ్లౌజును కరిచి వేలాడింది. ఆ మెహమాన్‌ను చెవి చిరిగిన చోట పసుపు అద్ది సాయంత్రం లోపే మామిడిపల్లి పంపేశాం. ఉస్మానియాకు దెబ్బ ఏమీ లేదు, అల్లా దయ. ఇప్పుడు చక్రం మీద ఉరుకుతోంది, ఏమీ జరగనట్టు.

నువ్వు చెప్పిందే నిజమైంది. ఒంటరిగా ఉన్నవాళ్ళందరూ ఏడుస్తూ కూర్చోరని నాకు తట్టలేదు. మా ఇంట్లో ఎప్పుడూ పదిమంది ఉంటారు. ఈ మధ్య మాత్రం నాకే ఎందుకో ఒంటరిగా ఉంటోంది. అది నీకు సంబంధం లేని సంగతి.

మునీరున్నీసా


రావిర్యాల,
జూలై 22

మున్నీకి,

నీ ఉత్తరం చదువుతూ నేను నవ్విన నవ్వుకు పక్కింటి సరిత గోడ మీద నుంచి తొంగిచూసి "టీచరమ్మా, మంచిగనే ఉన్నవా?" అని అడిగింది. ఈ ఏడాది అంత నవ్వడం ఇదే మొదలు.

ఇప్పుడు నవ్వు ఆపి ఒక ప్రశ్న అడుగుతాను. యుద్ధానికి ముందు బుద్ధిగా సర్దుకున్నాయన్నావు. నువ్వు వెనక గల్లీకి పోయి ఎంతసేపటికి వచ్చావు? సిగ్గుపడితే ఆడదే అవుతుందని పాండుకు ఎవరు చెప్పారు?

హామ్‌స్టర్ తల్లికి నెలలు నిండటం అనేది ఉండదు మున్నీ. పదహారు రోజుల్లో కనేస్తుంది. నువ్వు ఇప్పుడే క్యాలెండర్ దగ్గరికి పోయి ఆగస్టు మొదటివారం చూసుకుంటున్నావని నాకు తెలుసు.

ఒకవేళ పిల్లలు పుడితే మాత్రం జాగ్రత్త. పంజరం కదపకండి, గూట్లో చెయ్యి పెట్టకండి, చప్పుడు చెయ్యకండి. భయపడితే ఒక్కోసారి ఆ తల్లి తన పిల్లల్ని తానే తినేస్తుంది. ఇలాంటివి రాయడం నాకు ఇష్టం లేదు గానీ తెలియకపోతే మీరు పరేషాన్ అవుతారు.

సక్కుబాయి


షంషాబాద్,
ఆగస్టు 9

సక్కూ,

ఈ ఉత్తరం కన్నీళ్ళతో మొదలుపెట్టాను, కాబట్టి అక్షరాలు అలుక్కుపోతే సర్దుకో. మొదటి నుంచీ చెబుతాను.

నాలుగో తారీకున ఎనిమిదిమంది పుట్టారు. బొచ్చు లేదు, కళ్ళు లేవు, గులాబీ రంగు చిక్కుడు గింజల్లా ఉన్నారు. నా ప్రాణం సగం చచ్చింది. అమానత్‌గా ఇచ్చింది ఒకటి, ఇప్పుడు తొమ్మిది! మౌల్వీ సాబ్‌ను అడిగాను. అమానత్ పెరిగితే పెరిగినదంతా ఇచ్చినవాళ్ళదే అన్నారు. మా అమ్మ గుడ్లు తిరిగిచ్చింది అందుకేగా. అంటే నేనిప్పుడు తొమ్మిది ప్రాణాలకు జవాబుదారీ.

నువ్వు రాసినట్టే గది తలుపు వేసి, మిషను కూడా ఆపేసి కూర్చున్నాను. పని ఇచ్చినవాళ్ళు వస్తే సైగలు చేసి పంపించాను. మా ఆయన మాత్రం ప్రేమ ఆపుకోలేకపోయాడు. కుటుంబం పెరిగిందని దుకాణంలో పెద్ద పంజరం వెల్డింగ్ చేశాడు. కిటికీ గ్రిల్లు ఇనుముతోనే చేశాడు, ఎలుగుబంటిని పెట్టొచ్చు. దాన్ని నిన్న మోసుకొచ్చి గదిలో ధనేల్‌మని దించాడు.

ఉస్మానియా ఉలిక్కిపడి లేచింది. అటూ ఇటూ ఉరికింది. నా కళ్ళ ముందే సక్కూ, ఒక పిల్లను నోట్లోకి తీసుకుంది. ఇంకోదాన్ని తీసుకుంది. ఒక్కొక్కటే లోపలికి పోయాయి. గూడు ఖాళీ. నీ ఉత్తరంలో రాసింది గుర్తొచ్చింది. "తినేసింది, నమ్మి ఇస్తే తినబెట్టేసిన" అని ఏడ్చాను. మా ఆయన ఇనుప పంజరం పట్టుకొని నిలబడే ఏడ్చాడు.

అప్పుడే సాదియా డ్యూటీ నుంచి వచ్చింది. "అమ్మీ, ఏడ్వకు. జర ఆగి చూడు" అంది. ఉస్మానియా బుగ్గలు రెండూ ఉబ్బించుకొని నెమ్మదిగా కొబ్బరిచిప్ప వెనక్కి పోయింది. అక్కడ కూర్చొని ముందు కాళ్ళతో బుగ్గలు నొక్కుకుంది. ఒకటి బయటికొచ్చింది, కదులుతోంది. తర్వాత రెండోది. ఎనిమిదీ వచ్చాయి, పొడిపొడిగా, ఒక్క పంటి గాటు లేకుండా. మళ్ళీ మీద గడ్డి కప్పింది.

నేను నవ్వుతున్నాను, మా ఆయన నవ్వుతున్నాడు. సాదియా మాత్రం ఏడుస్తోంది. ఏందే అంటే, "అమ్మీ, అది మింగలే. దాచింది. సక్కు ఖాలా సుత గట్లనే చేసింది" అంది. తర్వాత చెప్పింది.

పెద్దమనుషులు వచ్చే ముందు రోజు సాదియా నీ దగ్గరికి వచ్చిందట కదా. పెళ్ళి కాగానే ఉద్యోగం మానాలని ఆ పిల్లాడు దానికి ఫోన్ చేసి చెప్పాడట. నాతో చెబితే నేను "తర్వాత చూద్దాం తీయ్" అన్నానట. అన్నాను, నాకు గుర్తుంది. అప్పుడది నీ చేతులు పట్టుకొని, "ఖాలా, రేపు అందరి ముంగట నువ్వే అడుగు. నేను అడగమన్ననని అమ్మీకి ఎన్నడు చెప్పకు. అమ్మీ దిల్ తూట్ జాతా, మనసు ఇరిగిపోతది" అందట. నువ్వు మాటిచ్చావట.

ఇచ్చిన మాట కోసం ఇన్నాళ్ళు నా తిట్లన్నీ పడ్డావు. అందరి ముందు నేను ఒట్టేసినప్పుడు కూడా ఒక్క మాట అనకుండా చెప్పులు తొడుక్కొని బస్సు ఎక్కావు. "నీ దగ్గర జవాబు లేదు" అని నేనే రాశాను. జవాబు నీ బుగ్గలో ఉంది. నా బిడ్డ అమానత్ నీ దగ్గర ఉంది, నేను మాత్రం ఉస్మానియా ముందు కూర్చొని అమానత్ అమానత్ అని పెద్ద కబుర్లు చెబుతున్నాను. నాకు చాలా సిగ్గుగా ఉంది సక్కూ. నా బిడ్డ నా దగ్గరికి రాకుండా నీ దగ్గరికి వచ్చినందుకు కాసేపు నీ మీద మళ్ళీ కోపం కూడా వచ్చింది. అది పోయింది. నన్ను క్షమించు.

నీ మున్నీ


రావిర్యాల,
ఆగస్టు 11

మున్నీ,

సాదియా చెప్పేసింది కాబట్టి ఇక నా బుగ్గ ఖాళీ. ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. ఉస్మానియా అంత బరువు మోసి రాత్రంతా ఎలా ఉరుకుతుందో నాకు అర్థం కావడం లేదు.

నేనేమీ గొప్పదాన్ని కాదు. నోరు విప్పుదామని చాలాసార్లు అనిపించింది. ఈద్ రోజు మరీ అనిపించింది. ప్రతి ఈద్‌కూ నీ షీర్ ఖుర్మా క్యాన్ మధ్యాహ్నం లోపు మా ఇంటికి వస్తుంది. రాదని తెలిసి కూడా ఆ రోజు పొద్దున్నే నీ పాత క్యాన్ కడిగి బోర్లించి, గేటు చప్పుడైనప్పుడల్లా లేచాను. సాయంత్రం దాన్ని మళ్ళీ అల్మారాలో పెట్టేటప్పుడు నీ మీద చాలా కోపమొచ్చింది. ఏడ్చాను కూడా. ఇన్నేళ్ళ తర్వాత నేను కావాలని నీ బిడ్డ సంబంధం చెడగొడతానని నువ్వు ఎలా నమ్మావు? ఇది మాత్రం నిన్ను అడగాల్సిందే, అడిగేశాను. జవాబు రాయక్కర్లేదు.

సాదియాను ఏమీ అనకు. ఆ పిల్లకు నువ్వంటే భయం కాదు, నువ్వు బాధపడతావని భయం.

ఇంకో ముఖ్య విషయం. నెల తిరక్కుండానే ఆ పిల్లల్ని ఆడా మగా విడదీయాలి, తర్వాత ఒక్కొక్కదానికీ వేరే పంజరం. లేకపోతే పాండు లేకుండానే తొమ్మిది ఎనభై అవుతాయి. ఖదీర్ భాయికి చెప్పు, కడ్డీల మధ్య సందు చిన్నగా ఉండాలి.

సక్కు


షంషాబాద్,
సెప్టెంబర్ 13

సక్కూ,

కడ్డీల సంగతి నువ్వు రాసినా మా ఆయన చెవిన పెట్టలేదు. కళ్ళు తెరిచాక ఎలుగుబంటి పంజరంలో పిల్లల్ని పెట్టిన మర్నాడు ఎనిమిదీ సందుల్లోంచి నడిచి బయటికొచ్చాయి. ఒకటి నా మిషను సొరుగులో, రెండు మా ఆయన బూట్లో, మిగతావి బియ్యం డబ్బా వెనక దొరికాయి. ఇప్పుడు దుకాణంలో కిటికీలు ఆగిపోయాయి, అన్నీ సన్న జాలీ పంజరాలే.

నిన్న పూర్ణిమ వచ్చింది. తొమ్మిది పంజరాలు వరసగా పెట్టి, "తీస్కో బిడ్డా, నీ అమానత్" అన్నాను. ఆ పిల్ల నవ్వి నవ్వి కూర్చుండిపోయింది. "ఆంటీ, నాకు ఉస్మానియా ఒక్కటి చాలు, మిగిలినయి మీరే ఉంచుకోండ్రి" అంది. నేను ఒప్పుకోలేదు. నా ఇంట్లో ఉండగా ఉంచుకోమంటే అమానత్ తీరినట్టా? అందుకని అన్నిటినీ గేటు బయట మధు కారు దాకా మోయించి, ఆ పిల్ల చేతికి అప్పగించాను. తర్వాత తనే వెనక్కి తిరిగి గేటు తట్టి, "ఇవి నా తరఫున తోఫా" అని ఎనిమిదీ ఇచ్చింది. అప్పుడు తీసుకున్నాను. మధు ఇదంతా చూసి, "మీరిద్దరు ఉత్తరాలు ఎందుకు రాస్కుంటరో ఇప్పుడు సమజైంది" అన్నాడు. ఇంతలో పాండు కూడా వచ్చి తండ్రి తరఫు వాటా అడిగాడు. సిగ్గుపడే పిల్లను చూసి ఒకటిచ్చాను.

సాదియాకు ఇంకో సంబంధం మాట వచ్చింది. ఈసారి మిఠాయి పళ్ళెం బయటికి రాకముందే నైట్ డ్యూటీ సంగతి నేనే అడిగాను. ఆలోచించుకొని చెబుతామన్నారు. ఆలోచించుకోనీ.

ఇక మన సంగతి. నువ్వు జవాబు రాయక్కర్లేదన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉన్నదల్లా ఒట్టు. అల్లా పేరున వేసిన ఒట్టు ఊరికే తెంచుకోకూడదు. మౌల్వీ సాబ్‌ను అడిగితే దానికి కఫ్ఫారా, అంటే పరిహారం, ఉందన్నారు. పదిమంది పేదవాళ్ళకు కడుపునిండా అన్నం పెట్టాలి. అందుకని వచ్చే ఆదివారం మా ఇంట్లో బగారా అన్నం, నీకిష్టమైన చింతపండు పులుసు కట్టా. నువ్వు పొద్దున్నే వచ్చి ఉల్లిగడ్డలు కోయాలి. కానీ ముందే చెబుతున్నాను, పదో మనిషి తిని చెయ్యి కడుక్కునేదాకా నీతో ఒక్క మాట మాట్లాడను. ఉప్పు సరిపోయిందో లేదో కూడా సైగతోనే అడుగుతాను. నువ్వూ నన్ను మాట్లాడించకు. ఆ తర్వాత మాత్రం ఆపకు. నా దగ్గర ఫిబ్రవరి నుంచి దాచినవి చాలా ఉన్నాయి.

నీకొక హామ్‌స్టర్ తీసిపెట్టాను. అన్నిటికంటే బుగ్గలు పెద్దవి.

మున్నీ


రావిర్యాల,
సెప్టెంబర్ 14

మున్నీ,

తొమ్మిదిమందినే పిలువు.

పేదవాళ్ళే కావాలంటావు, టీచరమ్మకు పెన్షన్ వస్తుందంటావు. ఫిబ్రవరి నుంచి నీ చేతి ముద్ద లేనిదానికంటే పేదరాలు ఈ రావిర్యాలలో ఎవరున్నారో మీ మౌల్వీ సాబ్‌నే అడుగు. నన్ను పదోదానిగా, ఆఖరున కూర్చోబెట్టు.

గబగబా తినేస్తాను.

సక్కు